మొద్దు అమ్ముల బండి

కర్కట లోయ పేరు చెబితే వేణుకాపుర రాజ్యంలో పేచీ పెట్టే పిల్లలు కూడా గబగబా నాలుగు ముద్దలు మింగేసేవారు. అలాంటి లోయలోకి ఆ ఉదయం రెండెద్దుల బండి ఒకటి గంటలు మోగించుకుంటూ, పుట్టింటికి పోతున్నంత ధీమాగా దిగుతోంది.

బండి తోలేవాడు నల్ల గొంగడి కప్పుకుని, మొహాన మసి పులుముకున్న యువకుడు. ఎవరైనా పేరడిగితే గురవడు అంటాడు. నిజానికి అతను వేణుకాపుర యువరాజు నీలకేతుడు. వెనకాల బస్తాల మధ్య కూర్చుని అతనికి బండి తోలడం నేర్పుతున్న ఆడమనిషి మాచమ. రాజధానిలో విండ్లు చేసేవాళ్ళ పేట వెదుళ్ళవాడ. ఆ పేటలో మాచమ చేతి విల్లు విరగదని పేరు. ఆమె నోటి ముందు ఎవరూ నిలబడలేరని కూడా పేరే.

"యువరాజా, అది ఎద్దు. పట్టపు గుర్రం కాదు. తోక అలా మెలిపెట్టకండి, పాపం."

"గురవా అనమన్నాను కదా!" అన్నాడు నీలకేతుడు చిరాగ్గా.

"మనుషులు కనపడగానే ఒరే గురవా అంటాను లెండి. నాకు అదే సులువు."

ఇంతకీ ఆ బండిలో ఏముందో చెప్పాలి. విండ్లు ఉన్నాయి. అయితే యుద్ధానికి పనికొచ్చేవి కావు. వెదుళ్ళవాడలో పండుగలకు మువ్వచెండు ఆట ఆడతారు. గడ్డితో చెండు కట్టి, దానికి మువ్వలు చుట్టి, పొడవాటి గడకు వేలాడదీసి ఊపుతారు. ఊగే చెండును అమ్ముతో కొట్టి మువ్వ మోగించాలి. ఆ అమ్ములకు ఇనుప ములికి ఉండదు. కొసన ఉసిరికాయంత కొయ్య బొడిపె ఉంటుంది. తగిలితే చెమ్మగిలేది కళ్ళే, అదీ నవ్వీ నవ్వీ. అలాంటి ఆటవిండ్లూ, మొద్దు అమ్ములూ బండి నిండా ఉన్నాయి. అవన్నీ కొండ మీది శిలాదుర్గంలో కాపలా ఉన్న సైనికుల కోసం.

వేణుకాపురానికీ కర్కటపురికీ కిందటేడు పెద్ద యుద్ధం జరిగి, చివరికి ఇద్దరు రాజులూ అలిసిపోయి ఏడాదిపాటు సంధి చేసుకున్నారు. ఆ ఏడాదీ దుర్గం నుంచి ఇనుప ములికి అమ్ము ఒక్కటీ లేవకూడదు. దుర్గంలోకి కొత్త ఆయుధం పోకూడదు. దుర్గానికి దారి కర్కట లోయ మీదుగానే. దారి దిగి లోయలో అడుగు పెట్టినవాణ్ణి చంపే హక్కు కర్కటులకు ఉంది. ఇక రాజరక్తం వాసన తగిలిందో, యువరాజును సంకెళ్ళతో నేరుగా చెరసాలకు పట్టుకుపోతారు. గొంగడీ మసీ అందుకే.

సంధి మాట బాగానే ఉంది గానీ, కోటలో ఉన్నవాళ్ళ సంగతి ఎవరూ తలచుకోలేదు. యుద్ధం లేదు, సెలవు లేదు, కాలక్షేపం లేదు. పొద్దున లేచి ఈటె పట్టుకుని నిలబడటం, పొద్దుగూకితే పడుకోవడం. ఇలా ఉండగా కోటకు ఉప్పు మోసే మనిషి ఒకడు వెదుళ్ళవాడకు వచ్చి వింత కబురు చెప్పాడు. కాపలావాళ్ళు ఆవులించడానికి నోరు తెరిచి, అలా తెరిచిన నోటితోనే కొయ్యబారిపోతున్నారట. "మీ ఐతన కూడానమ్మా" అన్నాడు మాచమతో, తల వంచుకుని.

ఐతన మాచమ మగడు. మెత్తని మనిషి. అతని ఆవులింత మాత్రం మెత్తనిది కాదు. 'ఆ...' అని మొదలుపెట్టి, 'హమ్మమ్మమ్మా' అని ముగించేసరికి వీధి చివర కుక్క లేచి మొరిగేది. ఆవులించినప్పుడు నోటి ముందు చిటికె వేయకపోతే ప్రాణం జారిపోతుందని పెద్దలంటారు కదా, ఐతనకు ఆ చిటికె వేసుకోవడానికి కూడా బద్ధకమే. మాచమే చేతికి జిగురుతో ఎక్కడున్నా పరుగున వచ్చి చిటికె వేసేది. "ఆవులింత నీది, చిటికె నాదీనా?" అని తిట్టేది. అతను నవ్వేవాడు.

కబురు విని మాచమ ఏడ్చింది. కడుపారా ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని వీధిలోకి వచ్చి నిలబడి అరిచింది. "యుద్ధంలో పోతే వీరుడంటారు. తోచక పోతే ఏమంటారర్రా? మన గోడల మీద ఆటవిండ్లు ఊరికే వేలాడుతున్నాయి. ఇంటికొకటి దింపండి!"

దింపారు. ఒక ముసలమ్మ తాను పెళ్ళికాక ముందు ఆడిన విల్లు తెచ్చి, దానికి ముద్దు పెట్టి మరీ ఇచ్చింది. ఒక పిల్ల పసుపు పూసిన తన చిట్టి విల్లు ఇచ్చి, ఇచ్చాక ఏడ్చింది. అందరికన్నా చివర యువరాజు వచ్చాడు, చిన్నప్పటి తన విల్లు పట్టుకుని. "వాళ్ళను ఆ కొండెక్కించింది నేనే. తినడానికి పంపాను, కట్టడానికి పంపాను. ఆడుకోవడానికి ఏదీ పంపాలని నాకు తట్టనేలేదు. బండి నేనే తోలతాను" అన్నాడు. తోలడం వచ్చా అని ఆ క్షణాన ఎవరూ అడగలేదు.

* * *

లోయ నడుమ చౌకీ ఉంది. చౌకీకి నాయకుడు తుందిలుడు. మనిషి కన్నా ముందు అతని పొట్ట బయటికి వచ్చింది.

"బండి ఆపు! ఏముంది అందులో?" అని గద్దించాడు.

"ఆటవిండ్లు దొరా. పైన మావాళ్ళకు పొద్దుపోక ప్రాణాలు పోతున్నాయి" అంది మాచమ బండి దిగి.

"విల్లంటే విల్లే! సంధి దాటి ఆయుధాలు తెస్తారా? పట్టుకోండిరా వీళ్ళను!"

కర్కట భటులు కత్తులు దూశారు. మాచమ బెదరలేదు. ఒక అమ్ము తీసి దాని బొడిపె తుందిలుడి అరచేతిలో పెట్టింది. "ఇది ఆయుధమైతే మా ఇంటి గరిటె కూడా ఆయుధమే. ఎవరి మీదైనా కొట్టి చూసుకోండి."

తుందిలుడు బొడిపె గిల్లి చూశాడు, కొరికి చూశాడు. "సరే. నా మీదే కొట్టి చూపించు. నువ్వు కాదు. నువ్వు విద్య తెలిసినదానివి, మెల్లగా కొడతావు. ఆ బండివాణ్ణి కొట్టమను!" అని వెళ్ళి ఎదురుగా పొట్ట ముందుకు పెట్టి నిలబడ్డాడు.

నీలకేతుడు విల్లు అందుకున్నాడు. అందుకోవడమే తడవు అతని వెన్ను నిటారైంది, భుజాలు విప్పారాయి, ఎడమ పాదం చక్కగా ముందుకు పడింది. బండివాడెవడూ అలా నిలబడడు. ఒక కర్కట భటుడు కనుబొమలు ముడిచి అతని వంక అదోలా చూడటం మాచమ కంట పడింది.

"ఒరే గురవా! ముల్లుకర్ర అనుకున్నావా అది? తిరగేసి పట్టుకున్నావు, కర్మ!" అని కేక పెట్టింది.

విల్లు సరిగ్గానే ఉంది. అయినా నీలకేతుడికి వెంటనే అర్థమైంది. గబుక్కున వెన్ను వంచి, విల్లు నిజంగానే తిరగేసి, మళ్ళీ మరల్చి, అమ్మును అల్లెతాటికి కాకుండా బొటనవేలికి ఆనించి, నానా తంటాలూ పడ్డాడు. భటులు పగలబడి నవ్వారు. ఇంతదాకా బాగానే నటించాడు గానీ, తీరా వదిలేవేళకు గురి తప్పడానికి రాజవంశపు చెయ్యి ఒప్పుకోలేదు. అమ్ము రివ్వున పోయి సరిగ్గా తుందిలుడి బొడ్డు మీద టప్పుమని తగిలి, ఎగిరి పక్కన పడింది.

"బొడ్డు మీదే కొట్టాడే!" అన్నాడు తుందిలుడు ఆశ్చర్యంగా.

"అంత పెద్ద గురి ఎదురుగా పెడితే గుడ్డివాడైనా కొడతాడు దొరా" అంది మాచమ.

భటులు పెదవులు బిగబట్టారు. తుందిలుడు ఒక్క క్షణం ఆమెను ఉరిమి చూశాడు. తర్వాత ఆ పొట్టంతా కదిలేలా నవ్వాడు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, బండిలోకి తొంగిచూసి, చిన్నపిల్లాడి గొంతుతో అడిగాడు. "ఏమే పిల్లా, నాకొకటి ఇవ్వవూ? ఈ చౌకీలో మాకు మాత్రం ఏం తోస్తోంది?"

మాచమ మంచి విల్లొకటి ఏరి, అల్లెతాడు విప్పి, రెండు చేతులతో ఇచ్చింది. "మా పేట ఆచారం ఒకటుంది దొరా. దానమిచ్చిన విల్లుకు అల్లెతాడు పుచ్చుకున్నవాడే కట్టుకోవాలి. తొలి అమ్ము మీరు వదలాలి, అది ఎక్కడ పడ్డా ఇచ్చిన నేనే పోయి ఏరుకొచ్చి మీ చేతిలో పెట్టాలి. అప్పటికి గానీ దానం పూర్తి కాదు."

"ఎక్కడ పడ్డానా?" అన్నాడు తుందిలుడు కొంటెగా. అల్లెతాడు కట్టి, ఒళ్ళంతా బలం చేసుకుని, అమ్మును కొండ కింది ముళ్ళ డొంకల్లోకి, కంటికి ఆననంత దూరం వదిలాడు. "పో, ఏరుకురా మరి!"

"పొద్దెక్కుతోంది దొరా. ముందు ఈ సామాను చేర్చనివ్వండి, మళ్ళీ వచ్చి ఏరతాను."

"ఎప్పుడైనా ఏరు. ఏరేదాకా నా లోయలో నిన్ను ఆపేవాడు లేడు. వింటున్నారుగా రా అందరూ? ఇది నా మాట!" అన్నాడు తుందిలుడు. బండి కదిలింది.

"నువ్వు లేకపోతే ఈపాటికి నా చేతులకు సంకెళ్ళు పడేవి" అన్నాడు నీలకేతుడు మలుపు తిరిగాక.

"గురి తప్పడం కూడా ఒక విద్యే యువరాజా. మీకు ఎవరూ నేర్పినట్టు లేరు" అంది మాచమ.

* * *

శిలాదుర్గాన్ని కట్టింది మనుషులో గంధర్వులో తెలియదంటారు. నీలిరాతి ప్రాకారం ఎండలో తళతళలాడుతూ కొండకొమ్మును చుట్టుకుని ఉంటుంది. బురుజు బురుజుకూ నోరు తెరిచిన రాతి సింహాలు, వాటి నోళ్ళలోంచి వానాకాలంలో దూకే జలధారలు, తలుపు తలుపుకూ కంచు పద్మాలు, పద్మాల రేకుల మీద తేనెటీగలకు భ్రమ పుట్టించే పనితనం. మబ్బులు ఆ ఎత్తున ఒక ద్వారంలో దూరి, సైనికుల తలపాగాలు తడిపి, రెండో ద్వారంలోంచి బయటికి పోతాయి. ఇంతటి సోయగం మధ్యన, రాతి సింహాలకు పోటీగా, సైనికులు వరసగా నిలబడి ఆవులిస్తున్నారు.

ఐతన స్నేహితుడు ఎరపోతు ఎదురొచ్చి మాచమను చూడగానే కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. "వచ్చావా వదినా! చూద్దువు గాని రా" అని ఒక మండపంలోకి తీసుకుపోయాడు.

మండపం నిండా కొయ్యబారిన సైనికులు. అందరి నోళ్ళూ తెరిచే ఉన్నాయి. ఐతన మూడో స్తంభం దగ్గర ఉన్నాడు. మాచమ అతని చెంప తాకింది. చల్లగా ఉంది. ముక్కు కింద మాత్రం ఇంకా కాస్త వెచ్చదనం మిగిలింది.

"ఆ వెచ్చదనం కూడా పోతే ఇక లేవరు వదినా" అన్నాడు ఎరపోతు. "పాదాల దగ్గర మొదలై రోజురోజుకూ పైకి ఎగబాకుతోంది చలి."

"చిటికె వేసే దిక్కు లేకపోయిందా ఇక్కడ?"

"రెండు చేతులతో ఈటె పట్టుకుని కదలకుండా నిలబడాలని దుర్గాధిపతి ఆజ్ఞ. కాపలాలో చిటికెలు వేస్తే క్రమశిక్షణ తప్పినట్టట."

మాచమ అతని మాట పూర్తిగా వినలేదు. ఐతన తెరిచిన నోటి ముందు చిటికె వేసింది. మళ్ళీ వేసింది. వేళ్ళు ఎర్రబడేదాకా వేసింది. అతను కదలలేదు. "లోపల ఆవులింత ఉంటే కదా నా చిటికె వినడానికి! ఎవడు పట్టుకుపోయాడు దాన్ని?" అంది. కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "పద, ముందు బతికున్నవాళ్ళ నోళ్ళు మూయిద్దాం" అని బయటికి నడిచింది.

దుర్గాధిపతి గండమనాయకుడు మీసాలు మెలేస్తూ బండి ముందు నిలబడి ఉన్నాడు. ఒళ్ళంతా పాత గాయాల మచ్చలు. మనసులో కల్మషం లేదు, మొహంలో నవ్వూ లేదు. "నా సైనికుల చేతికి ఆటవిండ్లా? రేపు బొంగరాలు కూడా తెస్తావా అమ్మాయ్?"

"అడిగితే తెస్తాను బాబుగారూ."

"వీళ్ళ కాలక్షేపానికి మందర భాగవతారు ఉండనే ఉన్నారు. పాపం, ఎక్కడినుంచో వచ్చి, పైసా పుచ్చుకోకుండా రోజూ మధ్యాహ్నం తంబుర మీటుతూ కథ చెబుతున్నారు. అది చాలదా?"

"కథ చెప్పే వేళదాకా ఆడుకోనివ్వండి. మీ కోసం కూడా ఒకటి తెచ్చాను, మా ఇంటి గోడ మీదిది" అని మాచమ ఒక నల్ల విల్లు ఆయన చేతిలో పెట్టింది. గండమనాయకుడు దాన్ని పామును పట్టుకున్నట్టు పట్టుకుని, పక్కనున్న స్తంభానికి ఆనించేశాడు. అయితే వద్దని మాత్రం అనలేదు.

అంతే! కోట ఆవరణలో గడ పాతారు, చెండు కట్టారు, మువ్వలు చుట్టారు. మొదటి సైనికుడు బద్ధకంగా వచ్చాడు. రెండోవాడు వాణ్ణి వెక్కిరించడానికి వచ్చాడు. మువ్వ ఒకసారి ఘల్లుమనగానే బురుజుల మీదివాళ్ళంతా తలలు తిప్పారు. కాసేపటికి ఆవరణంతా తోపులాట. "నా వంతురా!" "నీ వంతు నిన్న అయిపోయిందిరా!" "నిన్న విండ్లే లేవు కదరా!" ముసలమ్మ ముద్దు పెట్టిన విల్లు అందరికన్నా లావుపాటి వీరుడికి దక్కింది. పసుపు పూసిన చిట్టి విల్లు కోసం ఇద్దరు కొట్టుకున్నంత పని చేశారు.

తొలి అమ్ములు ఏరే బాధ్యత ఇచ్చినవాళ్ళదని తెలిశాక సైనికులకు ఇంకా హుషారెక్కింది. కావాలని గుర్రపుశాల కప్పు మీదికీ, వంటశాల గంగాళంలోకీ వదిలారు. మాచమ ఒకవైపు, గొంగడి నడుముకు చుట్టుకుని, తిరుగుదారి కోసం మొహాన మసి అలాగే ఉంచుకున్న యువరాజు ఒకవైపు పరుగులు. ఆ ఒక్క పూట నీలకేతుడు వంగినన్నిసార్లు వేణుకాపుర రాజవంశంలో ఇంకెవరూ వంగి ఉండరు. "ఏయ్ బండోడా, గంగాళంలో చెయ్యి పెట్టకు, చారు అది!" అని ఎవరో అరిస్తే, అతను మోచేతిదాకా చారుతో నిలబడి పడీపడీ నవ్వాడు. అంతఃపురంలో అతన్ని అలా నవ్వించినవాడు లేడు.

* * *

మిట్టమధ్యాహ్నమైంది. తెల్లటి గడ్డం, మెడలో రుద్రాక్షలు, భుజాన తంబురతో మందర భాగవతారు మండపం మెట్ల మీద వచ్చి కూర్చున్నాడు. తంబుర బుర్ర మామూలు బుర్రల కన్నా పెద్దది, దాని మీద చిన్న కన్నం. "నాయనలారా, నిన్నటి కథలో..." అంటూ తీగ మీటాడు. జుంయ్... అని మొదలైంది.

ఎవరూ రాలేదు.

ఆయన గొంతు పెంచాడు. అదే సమయంలో ఎరపోతు కొట్టిన అమ్ముకు మువ్వచెండు గిరగిరా తిరిగింది. ఈలలు, కేకలు, అల్లెతాళ్ళ టంకారాలు. ఆ గోలలో తంబుర నాదం మునిగిపోయింది. ఒక్కడూ ఆవులించలేదు. భాగవతారి చెంపలు లోపలికి పోయాయి. ఆయన మళ్ళీ మీటాడు, మళ్ళీ మీటాడు. ఎవరికీ ఆవులింత రాలేదు. ఉన్నట్టుండి గడ్డం ఊడి ఒడిలో పడింది. రుద్రాక్షలు పగిలి ఎముక ముక్కలయ్యాయి. శాంతమైన ఆ మొహం కరిగిపోయి, చెవుల దాకా చీరుకున్న నోరూ, రెప్పలు లేని కళ్ళూ బయటపడ్డాయి.

"జృంభకుడు!" అని గండమనాయకుడు ఉలిక్కిపడి కత్తి దూశాడు. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టేవాళ్ళ గురించి అందరం విన్నాం గానీ, ఆవులింతనే ఎత్తుకుపోయి, దాన్నే తిని బతికే మాంత్రికుడు వీడొక్కడే. కర్కటపురి రాజుకు మాట ఇచ్చి, యుద్ధం లేకుండానే కోటను కొయ్యబొమ్మలతో నింపి అప్పజెప్పడానికి వచ్చాడు.

"ఆకలి! నా నోటి దగ్గరి కూడు చెడగొట్టారు!" అని జృంభకుడు బొబ్బలు పెట్టి ఈల వేశాడు. ఆకాశం నుంచి ఏనుగు గున్నంత రాబందు వచ్చి వాలింది. వాడు దాని వీపు మీదికి ఉరికాడు. తంబుర వాడి నడుముకు కట్టిన పటకా కొసన వేలాడుతోంది. దాని బుర్రలోంచి ఎన్నో గొంతులు 'ఆ...' అని సన్నగా వినిపించాయి.

నీలకేతుడు ఒక సైనికుడి అమ్ములపొదిలోంచి ఇనుప ములికి అమ్ము లాగాడు.

"కొట్టు, కొట్టు!" అని పైనుంచి జృంభకుడు వికవిక నవ్వాడు. "మీవాళ్ళ ఊపిరంతా ఈ బుర్రలోనే ఉంది. ఇనుము తగిలి చిల్లు పడిందా, అంతా గాలిపాలు! పైగా సంధి కూడా తప్పినట్టే!"

"ఆగరా గురవా!" అని మాచమ యువరాజు చెయ్యి పట్టి ఆపింది. "మొద్దు అమ్ములు! అందరూ మొద్దు అమ్ములు ఎక్కుపెట్టండి! అది బుర్ర అనుకోకండి, మువ్వచెండు అనుకోండి!"

రాబందు ప్రాకారం దాటుతోంది. తంబుర గాలిలో అటూ ఇటూ ఊగుతోంది. పొద్దుటినుంచీ ఊగేదాన్ని కొట్టి కొట్టి సైనికుల చేతులు సాగి ఉన్నాయి. అమ్ములు గుంపుగా లేచాయి. కొన్ని రాబందు రెక్కలకు తగిలాయి, కొన్ని జృంభకుడి వీపు వాయించాయి, ఒకటి వాడి తెరిచిన నోట్లో పడింది. బుర్రకు మాత్రం తగల్లేదు. ఇంక అందనంత ఎత్తుకు పోతోందనగా స్తంభం పక్కనుంచి టంగుమని శబ్దం వచ్చింది. ఎప్పుడు అల్లెతాడు కట్టాడో, నల్ల విల్లు పట్టుకుని గండమనాయకుడు నిలబడి ఉన్నాడు. ఆయన వదిలిన అమ్ము బుర్రను అడుగునుంచి బొంయ్‌మని ఎత్తికొట్టింది. జృంభకుడి నడుము దగ్గర పటకా ముడి వీడింది. తంబుర గిరికీలు కొడుతూ ప్రాకారం అవతలికి జారి, కొండ వాలులో ఒక కలివిపొద మీద చిక్కుకుంది.

కోటంతా హోరెత్తింది. గండమనాయకుడు మాత్రం మీసాల చాటున సిగ్గుపడుతూ, "నాది తొలి అమ్ము. ఆచారం ప్రకారం..." అని ఆగి, అంతలోనే మొహం వాడ్చుకున్నాడు. "అయ్యో! అది పడింది కర్కట లోయలో కదమ్మా. అక్కడ మనం అడుగు పెట్టరాదు. పెడితే చంపుతారు."

"మీరు పెట్టరాదు బాబుగారూ. నేను పెట్టొచ్చు" అంటూ మాచమ అప్పటికే కొంగు బిగించి, కోటకొమ్ముకు తాడు కడుతోంది. "గురవా, ఇంకో తాడు నువ్వు కట్టుకో. రెండు చేతులూ వదలకు!"

ఇద్దరూ వాలు మీదికి జారారు. కింద చౌకీలో బూర మోగింది. కర్కట భటులు విండ్లు ఎక్కుపెట్టి అరిచారు. "ఎవరది? అడుగు పెడితే కొడతాం!"

"తుందిల దొరా!" అని మాచమ లోయ మారుమోగేలా పిలిచింది. "మీ తొలి అమ్ము ఏరడానికి వస్తున్నాను! ఇతను నా బండివాడు, సాయం!"

కింద కొంత తర్జనభర్జన. తర్వాత తుందిలుడి గొంతు వినిపించింది. "దించండిరా విండ్లు! మాట ఇచ్చాం కదా. పిల్లా, అది ఆ ముళ్ళ డొంకల్లో ఎక్కడో పడిందే! మెల్లగా వెతుక్కో, తొందరేం లేదు!"

మాచమ పొద దగ్గరికి చేరి, ఒక చేత్తో తాడు పట్టుకుని, రెండో చేత్తో తంబుర అందుకుంది. బుర్ర పగల్లేదు. కన్నం దగ్గర చెవి పెట్టింది. లోపల ఎన్నో ఆవులింతలు గుసగుసలాడుతున్నాయి. వాటి మధ్య ఒకటి, వీధి చివర కుక్కను లేపే ఆవులింత, 'ఆ...' అని మొదలై, ఎప్పటికీ ముగియకుండా ఉంది.

మాచమకు కళ్ళు నిండుకొచ్చాయి. తంబురను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, అలవాటు కొద్దీ కన్నం ముందు చిటికె వేసింది. "ఆవులింత నీది, చిటికె నాదీనా?" అంది ఏడుస్తూ, నవ్వుతూ.

'హమ్మమ్మమ్మా!' అని బుర్రలోంచి వెచ్చటి గాలి ఒకటి ఎగిరి, ఆమె ముంగురులు కదిపి, కోటవైపు పోయింది. కాసేపటికి పైన ప్రాకారం మీద కేకలు. ఆ కేకలను మించి ఒక గొంతు. "మాచమా! ఎక్కడున్నావే?"

ఐతన గొంతే అది! మాచమ నోరు తెరిచింది. చెప్పాల్సినవి ఎన్ని ఉన్నాయో! తిట్టాల్సినవి ఇంకెన్ని ఉన్నాయో! అంతలో తల మీద నల్లటి నీడ పరుచుకుంది. రాబందు తిరిగి వచ్చింది. దాని మీదినుంచి జృంభకుడు, తంబుర లేకపోయినా గొంతుతోనే, 'జుంయ్... జుంయ్...' అని కూనిరాగం తీస్తున్నాడు. పక్క తాటికి వేలాడుతున్న నీలకేతుడి రెప్పలు వాలాయి. రెండు చేతులూ తాటి మీదే. నోరు మెల్లగా తెరుచుకుంటోంది.

మాచమకు ఒక చేతిలో తాడుంది. తన్నుకుపోవడానికి వస్తున్న రాబందు గోళ్ళకు అందకుండా రెండో చేత్తో తంబుర లాక్కుంది. ఇక చిటికె వేయడానికి చెయ్యేది? ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. తంబుర పటకాను పళ్ళ మధ్య గట్టిగా కరిచి పట్టుకుని, ఖాళీ అయిన చేతిని యువరాజు నోటి ముందుకు చాచి, టప్పున చిటికె వేసింది. నీలకేతుడు ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. జృంభకుడు మళ్ళీ రాగమెత్తాడు. మాచమ మళ్ళీ చిటికె వేసింది.

"మాచమా! పలకవేమే?" అని పైనుంచి ఐతన పిలిచాడు.

ఆమె పలకలేదు. నోరు తెరిస్తే మండపంలో మిగిలిన వాళ్ళందరి ఊపిరీ లోయలో పడుతుంది.

"ఒక్కసారి తిట్టవే, ఎక్కడున్నావో తెలుస్తుంది!"

జవాబు లేదు. ఐతన మొహంలో నిద్రమత్తంతా ఒక్కసారిగా దిగిపోయింది. పెళ్ళయిన నాటినుంచీ అతను ఒక మాట అంటే మాచమ నాలుగు అనకుండా ఊరుకున్న పూట లేదు.

"మా మాచమ పలకలేదంటే పెద్ద ఆపదలో ఉందిరా!" అంటూ ఐతన ఎరపోతు చేతిలోని పసుపు పూసిన చిట్టి విల్లు లాక్కుని, మొద్దు అమ్ము ఒకటి నోట కరుచుకుని, ప్రాకారం మీదినుంచి తాడు అందుకుని, రాబందు వాలుతున్న వైపు లోయలోకి దూకాడు.